న్యాయ సాంకేతిక సదస్సులో చిన్న సంస్థ స్టాల్ పెట్టడం సబబేనా?

కృష్ణాతీరం:
సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మాది పదకొండు మంది పనిచేసే చిన్న సంస్థ. అమెరికా వ్యాజ్యాలలో ఎదుటి పక్షానికి అప్పగించవలసిన ఈమెయిళ్లను, దస్తావేజులను జల్లెడ పట్టి, న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య గోప్యంగా ఉండవలసినవి ఏవో గుర్తించి, వాటిని ఎందుకు ఇవ్వడం లేదో వరుసగా చూపే జాబితాను, అంటే ప్రివిలేజ్ లాగ్‌ను, తయారుచేసే సాఫ్ట్‌వేర్ మాది. అక్కడి ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలలో 26వ నియమం ఆ వివరాలను కోరుతుంది. వాటిని ఎప్పుడు, ఏ పద్ధతిలో ఇవ్వాలో రెండు పక్షాలూ మొదట్లోనే మాట్లాడుకోవాలన్న సవరణ 2025 డిసెంబర్ 1న అమలులోకి వచ్చింది కనుక, మా సరుకుకు ఇదే అదను అని నా నమ్మకం.

న్యూయార్క్‌లో ఏటా జరిగే లీగల్‌వీక్ అనే న్యాయ సాంకేతిక సదస్సులో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న స్టాల్ తీసుకోవాలా, లేక ప్రతినిధిగా టికెట్టు కొనుక్కొని వెళ్లి నలుగురిని కలిసి రావాలా అన్నది నా సందేహం. ప్రయాణంతో కలిపి స్టాల్‌కు అయ్యే సొమ్ముతో ఇద్దరు కొత్త ఇంజనీర్లకు ఏడాది జీతం ఇవ్వవచ్చు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ప్రార్థన.

పాత స్టాల్‌దారు:
ఒక్క మాటలో చెప్పాలంటే, వద్దు. వరుసగా మూడేళ్లు అమెరికాలో ఒక సదస్సులో స్టాల్ పెట్టి చేతి చమురు వదిలించుకున్నవాడిని కనుక చెబుతున్నాను. నిర్వాహకులు మొదట చెప్పే అద్దె ఖాళీ నేలకు మాత్రమే. దాని మీద తివాచీ పరిస్తే ఒక బిల్లు, కరెంటు ప్లగ్గుకు ఒక బిల్లు, ఇంటర్నెట్‌కు మరొకటి; బల్లకూ కుర్చీలకూ చెత్తబుట్టకూ వేరు. అన్నిటికన్నా బాధించేది డ్రేయేజ్ అనే రుసుము. లారీ నుంచి దిగిన పెట్టెలను హాలులో మన చోటికి చేర్చి, ఖాళీ పెట్టెలను దాచి, ముగింపు రోజున తిరిగి తెచ్చి ఇచ్చినందుకు వంద పౌన్ల బరువుకు ఇంత అని వసూలు చేస్తారు. సరుకును సముద్రం దాటించడానికి అయిన ఖర్చుకన్నా హాలు లోపలి ఆ కొద్ది దూరానికే ఎక్కువ కట్టిన ఏడాది నాకు ఉంది.

ఇంతా చేస్తే దక్కేవి బ్యాడ్జీ స్కాన్లు, అంటే వచ్చినవారి మెడలోని కార్డును స్కానరుతో చదివి తీసుకున్న వివరాలు. ఆ స్కానరుకూ అద్దె కట్టాలి. మూడో ఏడాది మాకు 412 స్కాన్లు వచ్చాయి. ఇంటికి వచ్చి అందరికీ ఉత్తరాలు రాస్తే పంతొమ్మిది మంది బదులిచ్చారు, ఇద్దరు డెమో చూశారు, కొన్నవారు ఒక్కరూ లేరు. బ్యాడ్జీ స్కాన్ చేయించుకున్న మనిషి కొనుగోలుదారు కాదు. ఈ ముక్క అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

గుంటూరు బార్:
412 మందిలో ఒక్కరూ కొనకపోతే లోపం హాలుదా, సరుకుదా?

మాదాపూర్ రాత్రిపాళీ:
స్టాల్‌దారు గారు ఖర్చుల గురించి చెప్పినది నిజమే. కానీ ఆ 412 మంది స్టాల్ దగ్గరికి వచ్చినప్పుడు ఏమి అడిగారో, వారికి ఎవరు జవాబు చెప్పారో రాయలేదు. స్కాన్ల సంఖ్య ఆయనకు గుర్తుంది, ప్రశ్నలు గుర్తు లేవు. నేను తొమ్మిదేళ్లుగా డాక్యుమెంట్ రివ్యూ, అంటే వ్యాజ్యాల దస్తావేజులను చదివి వేరుచేసే పని, చేస్తున్న న్యాయవాదిని. కొనేవారు తివాచీ చూసి కొనరు. తమ దస్తావేజుల్లో ఉన్న చిక్కుముడి ఎదుటివారికి అర్థమైందని తోచినప్పుడు కొంటారు. కృష్ణాతీరం గారు స్టాల్ తీసుకోవాలనే నా అభిప్రాయం.

చికాగో తెలుగు:
నేను ఇక్కడ ఒక లా ఫర్మ్‌లో, వ్యాజ్యాల దస్తావేజులకు సాంకేతిక సాయం చేసే లిటిగేషన్ సపోర్ట్ విభాగంలో ఉన్నాను, అంటే బల్లకు అవతల, కొనేవైపు మనిషిని. ఏ సదస్సు అన్నది ముందు తేల్చుకోండి. లీగల్‌వీక్‌లో ఈ-డిస్కవరీ వారు, అంటే వ్యాజ్యాల కోసం ఎలక్ట్రానిక్ దస్తావేజులను సేకరించి జల్లెడ పట్టే రంగంవారు, ఎక్కువగా కనిపిస్తారు. అది ఏళ్ల తరబడి హిల్టన్ మిడ్‌టౌన్ హోటల్‌లో జరిగి, 2026లో జావిట్స్ సెంటర్‌కు మారింది. ఆగస్టులో జరిగే ఇల్టాకాన్ అనే సదస్సుకు వచ్చేది ప్రధానంగా లా ఫర్మ్‌ల సాంకేతిక విభాగాలవారు. నిత్యం సాఫ్ట్‌వేర్‌తో తంటాలు పడేది వారే. అమెరికన్ బార్ అసోసియేషన్ చికాగోలో జరిపే టెక్‌షోలో ఒంటరిగానో, చిన్న కార్యాలయాల్లోనో ప్రాక్టీసు చేసేవారు ఎక్కువ. అక్కడ స్టార్టప్ ఆలీ పేరుతో, పోటీలో నెగ్గిన పదిహేను కొత్త సంస్థలకు ప్రత్యేకంగా చోటు ఇస్తారు. మీ సరుకు పెద్ద వ్యాజ్యాలది కనుక టెక్‌షో మీకు అంతగా నప్పదు.

మరొక విషయం. పెద్ద సంస్థలు అసలు బేరాలను హాలులో మాట్లాడవు. పక్క హోటల్‌లో సూట్ తీసుకొని ముందే కుదుర్చుకున్న సమయాలకు పిలిపించుకుంటాయి.

పాత స్టాల్‌దారు:
చికాగో తెలుగు గారు నా మాటనే బలపరిచారు. బేరం జరిగేది సూట్‌లో అయితే స్టాల్ ఎందుకు? రాత్రిపాళీ గారికి ఒకటే మనవి. ప్రశ్నలు గుర్తు లేవని నిందించేముందు, మూడు రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ బల్ల వెనుక నిలబడి చూడాలి. వచ్చినవారిలో సగం మంది పళ్లెంలో పెట్టిన చాక్లెట్ తీసుకొని, లాటరీ గిన్నెలో విజిటింగ్ కార్డు వేసి, కళ్లు కలపకుండా వెళ్లిపోతారు. ఒక్కొక్క స్కాన్‌కు నాకు పడిన ఖర్చు హైదరాబాద్‌లో ఒక జూనియర్ రివ్యూయర్ వారం జీతం. ఈ లెక్కకు ఎవరి దగ్గరైనా జవాబు ఉంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

మాదాపూర్ రాత్రిపాళీ:
మళ్లీ స్కాన్ దగ్గరికే వచ్చారు. స్కాన్ లీడ్ కాదని, అంటే కొనుగోలు దాకా వెళ్లగల పరిచయం కాదని, నేనూ ఒప్పుకుంటున్నాను. అది లీడ్ ఎందుకు కాలేకపోయిందన్నదే నా ప్రశ్న.

పాత స్టాల్‌దారు:
ఎందుకంటే స్టాల్ పద్ధతే అలాంటిది. రివ్యూ తెర ముందు కూర్చొని బటన్లు నొక్కేవారికి అప్పు చేసి స్టాల్ పెట్టినవాడి లెక్కలు అర్థం కావు.

గుంటూరు బార్:
ఆ చివరి వాక్యం ఉపసంహరించుకోవడం మర్యాద.

మాదాపూర్ రాత్రిపాళీ:
ఉపసంహరించుకోనక్కరలేదు, అసలు విషయం ఇప్పటికి బయటపడింది. బటన్లు నొక్కడం అంటే ఏమిటో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన సంస్థ అమెరికాలో ఒక సదస్సులో స్టాల్ పెట్టింది. ప్రివిలేజ్ రివ్యూ బృందానికి నేను నాయకురాలిని. నన్ను పంపుతామని చెప్పి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో బీ-1 వీసా ఇంటర్వ్యూ కూడా చేయించారు. స్టాల్ దగ్గర సరుకు చూపడానికి, ఒప్పందాల గురించి మాట్లాడటానికి ఆ వీసా చాలు. వీసా వచ్చింది. బయలుదేరడానికి పది రోజుల ముందు, నా ఉచ్చారణ అక్కడివారికి అందదని చెప్పి నన్ను ఆపేశారు. మూడు రోజుల కోసం అక్కడి సేల్స్‌మన్ ఒకరిని మాట్లాడుకున్నారు.

రెండో రోజు రాత్రి పది గంటలకు, అక్కడ ఉదయం పదకొండున్నర, ఆయన నుంచి వాట్సాప్‌లో ప్రశ్న వచ్చింది. స్టాల్ దగ్గర నిలబడిన ఒక న్యాయవాది అడిగారట: కంపెనీ న్యాయవాది రాసిన ఈమెయిల్‌ను ఒక మేనేజరు బయటి కన్సల్టెంట్‌కు ఫార్వర్డ్ చేశాడు, ఆ తరువాత అదే వరుసలో మరో ఆరు జవాబులు నడిచాయి. మీ యంత్రం ఆ వరుస మొత్తాన్నీ ఒకే పద్దుగా జాబితాలో వేస్తుందా, ఒక్కొక్క ఈమెయిల్‌కూ వేరే పద్దు వేస్తుందా, ఫార్వర్డ్ అయినచోట గోప్యత పోయిందని గుర్తిస్తుందా? ఆ ప్రశ్నకు నేను ప్రతి రాత్రీ జవాబు చెబుతూనే ఉంటాను. ఆ కన్సల్టెంట్ కంపెనీ ఉద్యోగితో సమానంగా పనిచేస్తున్నాడా, న్యాయ సలహాకు అతని సాయం అవసరమైందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మా సాఫ్ట్‌వేర్ అలాంటి చోట ఆగి, మనిషి చూడాలని ఎర్రజెండా చూపేది. అదే మా సరుకు గొప్పతనం. నాలుగు వాక్యాలు రాసి పంపేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా మన సేల్స్‌మన్ అన్నీ మా ఇంజన్ చూసుకుంటుందని చెప్పాడు, ఆ న్యాయవాది బ్యాడ్జీ స్కాన్ చేయించుకొని వెళ్లిపోయింది.

అది కూడా ఒక స్కానే, స్టాల్‌దారు గారూ. మీ 412లో అలాంటివి ఎన్ని ఉన్నాయో మీరు ఎన్నడైనా లెక్కించారా?

నిర్వాహకుడు:
వ్యక్తులను కాక వాదనను విమర్శించవలసిందిగా అందరికీ విజ్ఞప్తి.

గుంటూరు బార్:
ఇలాంటిదే నాకు ఇక్కడ ఎదురైంది. ఒక సెమినార్ హాలు వరండాలో ఎలక్ట్రానిక్ సాక్ష్యాల సాఫ్ట్‌వేర్ స్టాల్ పెట్టారు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన సర్టిఫికెట్‌లో ఏ భాగం కక్షిదారు నింపాలి, ఏ భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువను మీ సాఫ్ట్‌వేర్ ఏ దశలో తీస్తుంది అని అడిగాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న చట్టం గురించే అడిగాను. ఆ యువకుడు నాకు బ్రోచరు, పెన్ను ఇచ్చాడు. పెన్ను ఇప్పటికీ రాస్తోంది, సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం గుర్తు లేదు.

చికాగో తెలుగు:
కొనేవాడిగా చెబుతున్నాను. మేము రెండేళ్ల క్రితం తీసుకున్న రెడాక్షన్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే దస్తావేజుల్లో గోప్యమైన భాగాలను కప్పేదాన్ని, ఒక సదస్సులో కాఫీ వరుసలో జరిగిన సంభాషణ వల్లే తీసుకున్నాము. ఎక్సెల్ షీట్లలో దాచిన నిలువు వరుసలను నల్లగా కప్పడం ఎంత నరకమో ఆ అమ్మాయి తన అనుభవంగా చెప్పింది. తరువాత ఆమె స్టాల్‌ను నేను వెతుక్కుంటూ వెళ్లాను. వెతకడానికి స్టాల్ ఉండటం కూడా పనికి వచ్చిందని స్టాల్‌దారు గారు గమనించాలి.

పాత స్టాల్‌దారు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ముందుగా, బటన్లు నొక్కేవారు అన్న మాట తప్పు. రాత్రిపాళీ గారిని క్షమాపణ కోరుతున్నాను.

ఇంతవరకు చెప్పనిది ఒకటి ఉంది. మొదటి ఏడాది ఆ బల్ల వెనుక నిలబడింది నేనే. వచ్చినవారు నా మాట వింటూనే మెడలోని కార్డు మీద ఊరి పేరు చూసి, మీ అమెరికా ఆఫీసు ఎక్కడ, మా కక్షిదారుల కాగితాలు ఎవరు చూస్తారు అని అడిగి, సగంలో జారుకున్నారు. ఒకాయన నా పక్కనే నిలబడి, వెనుక గోడ బ్యానర్ మీది ఫోన్ నంబరు అమెరికాది అవునో కాదో చూసుకొని వెళ్లాడు. ఆ అవమానం నాలో ఉండిపోయింది. మూడో ఏడాది నా రివ్యూ విభాగం నాయకురాలికి టికెట్టు తీసి, రద్దు చేసి, అక్కడి సేల్స్‌మన్‌ను పెట్టింది నేనే. ఆమెను తక్కువ చేయాలని కాదు, నాకు జరిగినది ఆమెకు జరగకూడదని, అమ్మకమూ పోకూడదని చేశాను. కొనేవారి మనసులో ఉన్న చిన్నచూపును పదడుగుల స్టాల్‌లో నిలబడి మనం మార్చలేము. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

మాదాపూర్ రాత్రిపాళీ:
మీరు నిజం చెప్పినందుకు నాకు గౌరవం కలిగింది. కానీ ఆమెను కాపాడారని మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆమెను అడగలేదు. అవమానం పడాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఆమెది. పైగా కాగితాలు ఎవరు చూస్తారన్న ప్రశ్నలో అంతా చిన్నచూపే ఉందని ఎందుకు అనుకున్నారు? చూసే మనిషే ఎదురుగా నిలబడి నేనే చూస్తానని చెబితే ఆ ప్రశ్న అక్కడితో తీరుతుంది.

చికాగో తెలుగు:
చిన్నచూపు లేదని నేను అనను, నేనూ పడ్డాను. అయితే ఆ ప్రశ్న మేము అడిగి తీరవలసినది. న్యాయ పనిని బయటి సంస్థలకు ఇవ్వవచ్చు గాని, దాని నాణ్యతకూ పర్యవేక్షణకూ బాధ్యత న్యాయవాదిదేనని అమెరికన్ బార్ అసోసియేషన్ 2008లోనే 08-451 సంఖ్య గల అభిప్రాయంలో చెప్పింది. పని చేసేవారి అర్హతలు ఏమిటో తెలుసుకోవాలని, సందర్భాన్ని బట్టి కక్షిదారు సమ్మతి కూడా తీసుకోవాలని అందులోనే ఉంది. ముందు అమెరికా ముఖం చూపించి, ఒప్పందం దశలో హైదరాబాద్ పేరు బయటపెట్టిన సంస్థలను మా ఫర్మ్ పక్కన పెట్టింది. దూరాన్ని బట్టి కాదు, దాచినందుకు.

పాత స్టాల్‌దారు:
ఆ చివరి మాట నేను ఆలోచించవలసినదే. ఖర్చు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. పదకొండు మంది ఉన్న సంస్థ మొదటి ఏడాదే అంత సొమ్ము పోయడం తలకు మించిన భారం.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఈ ఏడాది స్టాల్ తీసుకోవడం లేదు. ఆ విషయంలో స్టాల్‌దారు గారి లెక్క సరైనదే. ఇద్దరం ప్రతినిధులుగా వెళ్తాము: నేను, మా రివ్యూ పని చూసే ఆమె. ముందే పది లా ఫర్మ్‌ల లిటిగేషన్ సపోర్ట్ వారికి రాసి సమయం అడుగుతాము. ఎవరైనా కష్టమైన ఈమెయిల్ వరుస గురించి అడిగితే లాప్‌టాప్ ఆమె చేతిలోనే ఉంటుంది. మూడు సమావేశాలైనా రెండోసారి మాట్లాడే దాకా వెళ్తే, వచ్చే ఏడాది స్టాల్ గురించి ఆమెతో కలిసే నిర్ణయిస్తాను. ఆమె వీసా దరఖాస్తు ఈ వారమే వేస్తున్నాము.

మాదాపూర్ రాత్రిపాళీ:
స్టాల్ లేకపోయినా నాకు సమ్మతమే. ఆమె విజిటింగ్ కార్డు మీద ఏ హోదా వేయిస్తున్నారు?

కృష్ణాతీరం:
మీరు అడిగాక చూసుకున్నాను. ఆరేళ్లుగా మా దగ్గర ఉన్నా, ఇప్పటిదాకా ఆమెకు విజిటింగ్ కార్డే అచ్చు వేయించలేదు. ప్రివిలేజ్ రివ్యూ విభాగాధిపతి, బీఏ ఎల్ఎల్‌బీ, హైదరాబాద్ అని వేయిస్తున్నాను. ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో కాదు, ఆమె పేరు పక్కనే ఉంటుంది.