మెస్ బాకీ ఉంటే ప్రొవిజనల్ ఆపేయాలా?

ఎంఏ ఎకనామిక్స్ (ప్రశ్న పెట్టినవారు):
నేను చదివిన ప్రభుత్వ యూనివర్సిటీ పేరు చెప్పను. పీజీ అయిపోయింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం వెళితే ముందు హాస్టల్ నుంచి నో డ్యూస్ (బాకీ లేదన్న కాగితం) తెమ్మన్నారు. హాస్టల్ ఆఫీసులో, రెండేళ్ల మెస్ బిల్లులో స్కాలర్‌షిప్ పోను మిగిలింది కట్టమన్నారు. రెండో ఏడాది స్కాలర్‌షిప్ ఇంకా పడనే లేదు కాబట్టి ఆ ఏడాది బిల్లంతా నా నెత్తినే ఉంది. ఉద్యోగంలో చేరాలంటే సర్టిఫికెట్ కావాలి, అది చేతికి రావాలంటే డబ్బు కట్టాలి, ఆ డబ్బు ఉద్యోగంలో చేరితేగానీ రాదు. తిన్నదానికి కట్టనని అనడం లేదు. బాకీ వసూలుకు సర్టిఫికెట్ పట్టుకోవడం న్యాయమేనా?

మాజీ మెస్ సెక్రటరీ:
న్యాయమే తమ్ముడూ. తిట్టుకునే ముందు డివైడింగ్ మెస్ ఎలా నడుస్తుందో విను. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్, వర్కర్ల కూలీ అన్నీ కలిపి, నెల చివర తిన్నవాళ్ల హాజరుతో భాగిస్తారు. లాభం ఎవరికీ ఉండదు, నష్టం మాత్రం ఉంటుంది. కిరాణా షాపాయన అప్పు మీద సరుకులు ఇస్తాడు. వందమంది తిని అరవైమందే కడితే ఆయన ఆగేది రెండు నెలలు. ఆ తర్వాత సన్నబియ్యం పోయి ముక్కబియ్యం వస్తుంది, పప్పులో నీళ్లు పెరుగుతాయి. అది తినేది ఎవరు? కిందటేడు వచ్చిన మరో పేదింటి పిల్లాడు. కోర్సు అయిపోయి గది ఖాళీ చేసినవాడి దగ్గర వసూలు చేయడానికి ఆఫీసు చేతిలో ఇంకేముంది? కోర్టుకెళ్తుందా, ఊరికొచ్చి తలుపు కొడుతుందా?

గ్రూప్స్ ప్రిపరేషన్:
అసలు చట్టమే ఒప్పుకోదు కదా. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించి అడగండి, ఇచ్చేస్తారు.

లా ఫైనల్ ఇయర్:
అంత తేలిక కాదు. ఆ నోటిఫికేషన్ ముఖ్యంగా అడ్మిషన్ అప్పుడు మనం ఇచ్చే టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్ గురించి: చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలి. ఇక్కడ ఆగింది యూనివర్సిటీ కొత్తగా ఇవ్వాల్సిన ప్రొవిజనల్. ‘ఇవి నీ కాగితాలు కావు, మేం ఇచ్చేవి’ అని ఆఫీసు సెక్షన్‌లో వాదిస్తారు. నా లెక్కలో ఆ వాదన నిలవదు. సర్టిఫికెట్ అమ్ముకునే సరుకు కాదని, కాంట్రాక్ట్ చట్టం 171వ సెక్షన్ కింద బాకీకి తాకట్టుగా పట్టుకోవడం కుదరదని మద్రాస్ హైకోర్టు చెప్పింది. పరీక్ష పాసైనందుకు వచ్చేది ప్రొవిజనల్, అన్నం తిన్నందుకు వచ్చేది బిల్లు. రెండూ వేరు లావాదేవీలు. బాకీ ఉంటే బాకీగానే వసూలు చేసుకోవాలి. కానీ తెలంగాణలో గానీ ఆంధ్రాలో గానీ సెక్షన్ క్లర్క్ మద్రాస్ తీర్పు చూసి కాగితం ఇస్తాడా? హైకోర్టులో రిట్ వేయాలి. అంత ఖర్చు పెట్టగలిగితే బిల్లే కట్టేవాడు.

విజయనగరం అమ్మాయి:
మెస్ సెక్రటరీ అన్నయ్యా, మీరు చెప్పింది అబ్బాయిల హాస్టల్ లెక్క. మా హాస్టల్‌లో బాకీతో ఆగిపోయిన సర్టిఫికెట్ల సంగతి చెప్తాను. కొడుకు సర్టిఫికెట్ అయితే ఇంట్లో వడ్డీకి తెచ్చైనా విడిపిస్తారు. కూతురిదైతే ‘ఎలాగూ సంబంధం చూస్తున్నాం, ఇప్పుడెందుకులే’ అంటారు. అలా ఆఫీసు బీరువాలో ఉండిపోయిన కాగితాలు నాకు తెలుసు. వాటివల్ల హాస్టల్‌కి ఒక్క రూపాయి రాలేదు, వాళ్లు ఉద్యోగానికి అప్లై చేయలేదు.

ఇంకోటి. ఆంధ్రాలో 2020లో హాస్టల్, భోజనం ఖర్చులకిచ్చే వసతి దీవెన పథకం మొదలైనప్పుడు డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000, రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేశారు. పది నెలలకు పంచితే నెలకు 2,000. అదైనా అనుకున్న నెలలో పడేది కాదు. పడేసరికి ఇంట్లో ఎరువుల అప్పో, అమ్మ ఆసుపత్రి ఖర్చో కాచుకుని ఉండేది. దాన్ని ఎగవేత అనడం నాకు నచ్చదు.

డే స్కాలర్:
అందరూ పేదలే అన్నట్టు మాట్లాడుతున్నారు. హాస్టల్ గదిలో ఉంటూ కొత్త బైకు, కొత్త ఫోను కొన్నవాళ్లను నేనే చూశాను. నాన్ బోర్డర్ల సంగతి ఎత్తరే? కోర్సు అయిపోయి ఏళ్లు గడిచినా గదిలోనే ఉండి, మెస్‌లోనే తింటారు. వాళ్ల పేరు హాజరులో ఉండదు, వాళ్ల అన్నం బిల్లులో ఉంటుంది.

మాజీ మెస్ సెక్రటరీ:
నాన్ బోర్డర్ల మాట నిజం. అడిగితే ‘ఉద్యమం చేసినవాళ్లం’ అంటారు, ఉద్యోగాల నోటిఫికేషన్ పడేదాకా ఎక్కడికి పోవాలంటారు. వార్డెన్‌కీ ఆ గొడవ వద్దు, మాకూ వద్దు.

విజయనగరం చెల్లెమ్మ చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. అయినా పట్టు వదలడం లేదు. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీ (ఒక్కొక్కరి భోజనానికి సర్కారు ఇచ్చేది) 2024లో నెలకు 1,500 నుంచి 2,100 అయింది. పెరిగాక కూడా రోజుకు 70 రూపాయలు. ఆ 70తో టిఫిన్, రెండు పూటలా భోజనం ఎవరు పెడతారో చెప్పండి. యూనివర్సిటీ మెస్‌లో బిల్లు స్కాలర్‌షిప్‌ను దాటకుండా ఎలా ఉంటుంది? ఆ తేడా ఎవరో ఒకరు కట్టాలి. సర్టిఫికెట్ ఆపొద్దంటే, సరే, నెలనెలా వసూలు చేయండి, కట్టకపోతే మెస్ కార్డ్ ఆపండి అంటాను. అప్పుడు ‘ఆకలితో మాడుస్తారా’ అని గేటు దగ్గర ధర్నా చేసేది మళ్లీ మనమే.

లా ఫైనల్ ఇయర్:
ఆ ‘తేడా’ అన్న మాట దగ్గర ఆగండి. ప్రభుత్వం వేయాల్సి ఉండి వేయని భాగం, విద్యార్థి తన జేబులోంచి కట్టాల్సిన భాగం: రెండూ ఒకే అంకెలో కలిపి చీటీ మీద రాస్తున్నారు. అసలు తప్పు అక్కడుంది. సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ పడితే తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు 2025లో ఏకంగా బంద్ చేశాయి. సర్కారీ యూనివర్సిటీ ఆ పని చేయలేదు, అందుకని అదే బాకీని కుర్రాడి మీదికి తోస్తోంది. మొదటి భాగానికి సర్టిఫికెట్ ఆపడం ఏ లెక్కన చూసినా దౌర్జన్యమే. రెండో భాగం మీద మాత్రం వాదించుకుందాం.

మాజీ మెస్ సెక్రటరీ:
విడగొట్టి రాయమంటే నేను సంతకం పెడతా. దాన్ని రాయడానికి ఆఫీసులో మనిషి ఉండాలి కదా, సగం పోస్టులు కాంట్రాక్టు వాళ్లతో నెట్టుకొస్తున్నారు.

ఎంఏ ఎకనామిక్స్:
థాంక్స్. స్కాలర్‌షిప్ శాంక్షన్ అయినట్టు ఈపాస్ వెబ్‌సైట్‌లో చూపిస్తున్న పేజీ ప్రింట్ తీసి, డబ్బు పడగానే సర్దుకోమని అండర్‌టేకింగ్ రాసి, నా వాటా విడిగా చూపమని రిజిస్ట్రార్‌కి లెటర్ ఇస్తున్నా. నెలవారీ మెస్ లెక్కల కాపీ అడిగితే ఇస్తారా అన్నా?

మాజీ మెస్ సెక్రటరీ:
నోటితో అడిగితే ఇవ్వరు. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టు, పది రూపాయలు, ముప్పై రోజుల గడువు. నీ లెటర్ మాత్రం దానికోసం ఆపకు, అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకో. ఆర్టీఐలో నీ రెండేళ్లూ హాజరు ఎంత, వంట ఎంతమందికి చేశారు అన్న రెండు కాలమ్‌లూ అడుగు. రెండో అంకె నీకివ్వడానికి వాళ్లు చాలా ఇబ్బంది పడతారు.