25 ఏళ్ల జెన్‌ని స్క్రాప్‌కి ఇచ్చేయాలా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

జెన్ బాబు, సికింద్రాబాద్

అన్నలూ, ఒక సలహా కావాలి. మా నాన్న 2001లో కొన్న మారుతి జెన్ ఇంకా మా దగ్గరే ఉంది. ఏపీ 10 నంబరు, ముదురు ఆకుపచ్చ రంగు, పాత గుండ్రటి షేపు (జెల్లీ బీన్ అంటారే, అదే). 1,18,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. ఆదివారం తెల్లవారుజామున దాన్నేసుకుని శామీర్‌పేట దాకా వెళ్లి చాయ్ తాగి రాకపోతే నాకు వారం గడిచినట్టే ఉండదు.

2016లో ఒకసారి, 2021లో ఒకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం. మళ్లీ ఈ ఏడాది చేయించాలి. పోయినసారి ఫీజు 600 కట్టినట్టు గుర్తు, ఇప్పుడు పదివేలంటున్నాడు ఏజెంటు. వాడి కమీషన్ కలిపి చెప్తున్నాడేమో అనుకుని ఆన్‌లైన్లో చూస్తే నిజంగానే పదివేలుంది. ఈలోగా పక్కింటి అంకుల్ వచ్చి "15 ఏళ్లు దాటిన బండి రోడ్డెక్కితే లాక్కుపోతారటండీ, ఢిల్లీలో అయితే పెట్రోల్ కూడా పొయ్యట్లేదట" అని మా నాన్నకి టెన్షన్ ఎక్కించి వెళ్లాడు. అప్పట్నుంచి నాన్న ఒకటే పాట. స్క్రాప్‌కి ఇచ్చేయ్, జీఎస్టీ కూడా 28 నుంచి 18కి తగ్గింది, కొత్తది చిన్నదేదైనా తీసుకుందాం అని. తమాషా ఏంటంటే ఆ కారు కొన్నది ఆయన, రెండేళ్లు చీటీ కట్టి మరీ కొన్నాడు. ఇప్పుడు "ఇనుముకి అంత ప్రేమేంట్రా" అని నన్నే అంటున్నాడు.

స్క్రాప్ సెంటర్‌కి ఫోన్ చేస్తే పదహారు వేలు ఇస్తామన్నారు. పోయినేడు పెయింటుకే నేను 38 వేలు పెట్టాను. అసలు రూల్ ఏంటి, ఉంచుకోవడం తప్పా, మీలో పాత బళ్లున్నవాళ్లు ఏం చేస్తున్నారు?

ఆర్సీ మాస్టారు

ముందు మీ పక్కింటి అంకుల్‌ని కూర్చోబెట్టి రెండు విషయాలు విడదీసి చెప్పండి, ఎందుకంటే సగం ఊరు వీటిని కలిపేసి భయపడుతోంది.

దేశం మొత్తానికీ ఉన్న స్క్రాపేజ్ పాలసీ 2021లో వచ్చింది. మార్చిలో గడ్కరీ పార్లమెంటులో చెప్పారు, ఆగస్టు 13న ప్రధాని మొదలుపెట్టారు. దాని పేర్లోనే స్వచ్ఛందం అని ఉంది. సొంత కారుకి 15 ఏళ్లు నిండితే తుక్కు చెయ్యాలని అందులో ఎక్కడా లేదు. ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవచ్చు. ఫెయిలైతే బాగుచేయించి మళ్లీ టెస్టుకి తీసుకెళ్లొచ్చు, అప్పటికీ పాసవ్వకపోతేనే దాని పని అయిపోయినట్టు. 15 ఏళ్లు దాటితే రెన్యువల్ లేనే లేదన్నది ప్రభుత్వ ఆఫీసుల బళ్లకి, అది 2023 ఏప్రిల్ నుంచి. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ గోల ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలది. కోర్టుల నుంచి వచ్చింది, పాలసీ నుంచి కాదు.

అయితే స్వచ్ఛందం అంటూనే ఫీజుతో మెడ నొక్కుతున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకి 600 ఉన్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటితే 10,000 చేశారు. ఇంపోర్టెడ్ కారైతే 80,000! మీది 20 దాటింది కాబట్టి పదివేలు కరెక్టే, పాపం ఏజెంటుని అనుమానించకండి. గ్రీన్ ట్యాక్స్ వేరే, అది రాష్ట్రానిది.

తుక్కుకి ఇస్తే వచ్చేది: కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం స్క్రాప్ విలువ అని పాలసీలో రాశారు గానీ సెంటర్‌వాళ్లు తూకం లెక్కే చూస్తారు, మీకు చెప్పిన పదహారు వేలు అలా వచ్చిందే. దాంతోపాటు ఒక డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తే కొత్త కారు రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, రోడ్ ట్యాక్సులో 25 శాతం దాకా తగ్గించొచ్చని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది, ఎంత తగ్గించాలన్నది రాష్ట్రం ఇష్టం. మీరు కొత్త కారు కొనకపోతే ఆ సర్టిఫికెట్‌ని వేరేవాళ్లకి అమ్ముకోవచ్చు కూడా.

ఒక్క హెచ్చరిక. ఇచ్చేసేటట్టయితే రిజిస్టర్డ్ సెంటర్‌కే ఇవ్వండి. రెండు వేలు ఎక్కువ ఇస్తాడని గల్లీ తుక్కు కొట్టుకి ఇచ్చి ఆర్సీ రద్దు చేయించకపోతే, రేపు ఆ నంబరుతో ఎవడేం చేసినా పోలీసులు మీ నాన్నగారి తలుపే కొడతారు.

ఢిల్లీ తెలుగోడు

పక్కింటి అంకుల్ చెప్పింది మా ఊళ్లో అబద్ధం కాదు. నా కథ వినండి, తర్వాత నవ్వుకోండి.

నాది 2015 మార్చిలో కొన్న డీజిల్ వెర్నా. పదేళ్లలో 62 వేల కిలోమీటర్లు. క్వార్టర్స్ నుంచి ఆఫీసుకి, ఏడాదికోసారి ఆగ్రా, అంతే. 2025 మార్చితో పదేళ్లు నిండాయి. జులై 1 నుంచి పంపుల్లో కెమెరాలు పెట్టి నంబరు చదివి, వయసైపోయిన బండైతే ఆయిల్ పొయ్యరని ప్రకటించారు. మా ఆవిడ నిద్రపోనివ్వలేదు. జూన్‌లోనే ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేసుకోవడానికి ఇచ్చే కాగితం) తీసుకుని ఒక డీలర్‌కి రెండు లక్షలకి ఇచ్చేశాను, అతను మూడున్నర వస్తుందని నా ముందే ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు. జులై 1న పంపుల్లో మొదలుపెట్టారు, రెండ్రోజులకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి బళ్ల మీద చర్య తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ రక్షణ బీఎస్-4 పొగ ప్రమాణం, ఆపైన బళ్లకే అని సవరించింది. నాది బీఎస్-4! ఆరు నెలలు కళ్లు మూసుకుని కూర్చుంటే నా కారు నా దగ్గరే ఉండేది.

ఇప్పుడది ఎక్కడుందో తెలుసా? మీ హైదరాబాద్‌లోనే. కొన్నాయన సర్వీస్ బుక్కు కోసం నాకు ఫోన్ చేశాడు. లైఫ్ ట్యాక్స్ కట్టి తెలంగాణ నంబరు వేయించుకున్నాడట, బండి బంగారంలా ఉందన్నాడు. యమున ఒడ్డున విషం కక్కే బండి మూసీ ఒడ్డుకి రాగానే బంగారం ఎలా అయిందో ఏ కోర్టైనా చెప్పాలి.

టూవీలర్ ప్రాణి

అందరూ కన్నీళ్లు పెట్టుకుంటున్నారు కాబట్టి ఒకడు వేరేగా మాట్లాడాలి. నేను రోజూ స్కూటర్ మీద ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ వెళ్లి వస్తాను. ముందు వెళ్లే పాత డీజిల్ వ్యాను గేరు మార్చినప్పుడల్లా ఊదే నల్ల పొగ నేరుగా నా ముక్కులోకి వస్తుంది. మీకేమో ఏసీ, అద్దాలు. పాత బండి అంటే మీకు జెల్లీ బీన్, ఆదివారం, చాయ్. నాకు సాయంత్రం మొహం కడిగితే వచ్చే నల్లటి నీళ్లు.

మీ బళ్లు నాలుగే, అవి బాగానే చూసుకుంటారు, ఒప్పుకుంటాను. కానీ మీరు "వయసు చూడొద్దు, కండిషన్ చూడండి" అన్నప్పుడల్లా ఆ మాటని అడ్డం పెట్టుకుని బతికేది ఆ వ్యాను. కండిషన్ చూసేది ఎవరు? పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం రోడ్డు పక్క వ్యాను దగ్గరికి వెళ్తే సైలెన్సర్‌లో గొట్టం కూడా పెట్టలేదు. ఫోటో తీసి, డబ్బులు తీసుకుని, కాగితం చేతిలో పెట్టాడు. ఇది చూశాక వయసు లెక్కే నయం అనిపించింది, కనీసం వయసుని లంచం ఇచ్చి తగ్గించలేరు.

జెన్ బాబూ, నిన్నొక మాట అడుగుతాను, ఏమనుకోకు. నీ కారు ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ని కంప్యూటర్ కొలిచి పంపే ఇంజన్), అంటే కింద పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండాలి. 25 ఏళ్ల తర్వాత అది ఇంకా బతికే ఉందా? ఎప్పుడైనా చూశావా?

డల్లాస్ బాబాయ్

2009లో ఇక్కడ క్యాష్ ఫర్ క్లంకర్స్ అని పెట్టారు, అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. పాత బండి ఇచ్చి, మైలేజీ బాగా వచ్చే కొత్తది కొంటే 3,500 లేదా 4,500 డాలర్లు ప్రభుత్వం ఇచ్చేది. బండి 25 ఏళ్లలోపుది, మైలేజీ గ్యాలన్‌కి 18 మైళ్లు లేదా అంతకంటే తక్కువ, ఏడాదిగా ఇన్సూరెన్స్‌తో తిరుగుతూ ఉండాలి. మొదట పెట్టిన వంద కోట్ల డాలర్లు రోజుల్లోనే అయిపోయాయి, ఇంకో రెండు వందల కోట్లు కలిపారు. ఆగస్టు చివరికి దాదాపు 6,77,000 బళ్లు తుక్కయ్యాయి. ఎక్కువగా వచ్చినవి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు, వాటి బదులు జనం ఎక్కువగా తీసుకెళ్లింది టొయోటా కరోలా.

నా స్నేహితుడి ఎక్స్‌ప్లోరర్‌ని చంపడం కళ్లారా చూశాను. చంపడం అనే అంటాను. ఆయిల్ తీసేసి అందులో సోడియం సిలికేట్ ద్రావణం పోశారు, నీళ్లలో కరిగిన గాజు అనుకోండి. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నారు. మొదట మామూలుగానే తిరిగింది. తర్వాత లోపల ఇసుక నూరుతున్న చప్పుడు, ఒక వణుకు, ఆగిపోయింది. రెండు మూడు నిమిషాలు పట్టిందేమో. పొద్దున దాన్ని ఏసీ వేసుకుని నడుపుకుంటూ తెచ్చిన మనిషి పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు, పైకి చూడలేదు.

ఇంజన్ తప్ప మిగతా పార్టులు అమ్ముకోవడానికి తుక్కువాళ్లకి 180 రోజులు టైమిచ్చారు, అది కాస్త తెలివైన పని. మైలేజీ పెరిగిన మాట నిజమే. కానీ తర్వాత ఆర్థికవేత్తలు లెక్కలేస్తే తేలిందేంటంటే, ఆ రెండు నెలల్లో కొన్నవాళ్లలో చాలామంది ఆ తర్వాతి నెలల్లో ఎలాగూ కొనేవాళ్లే. అమ్మకాలు ముందుకి జరిగాయి, అంతే. మీ దగ్గర డబ్బులు ఇచ్చి లాగట్లేదు, ఫీజు వేసి తోస్తున్నారు. నాకైతే ఈ తోయడం కన్నా ఆ లాగడమే మర్యాదగా అనిపిస్తుంది.

బెజవాడ కాంటెసా

బాబాయ్ ఆ ఇంజన్ కథ రాయకుండా ఉండాల్సింది, రాత్రి అన్నం సయించలేదు.

నా దగ్గర 1990 కాంటెసా ఉంది, ఇసుజు 1.8 ఇంజన్. కంపెనీ దీన్ని ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది, కొత్త పార్టు అనే మాటే లేదు. మరి ఎలా నడుస్తోంది? ఇంకో చచ్చిన కాంటెసా వల్ల. మా ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక నాలుగేళ్లుగా ఎండకి ఎండుతున్న బండి నుంచి ముందు అద్దం, దాని రబ్బరు, ఎడమ తలుపు, వైపర్ మోటారు తెచ్చుకున్నాను. ఆ అద్దం పగలకుండా తియ్యడానికి మేస్త్రీ సబ్బు నీళ్లు రాస్తూ, తాడు లాగుతూ ఒక పూటంతా కూర్చున్నాడు. రేపు ఆ చచ్చిన బళ్లన్నీ సెంటర్‌కి వెళ్లి దిమ్మెలయిపోతే, ఫిట్‌నెస్ పాసైన నా బండి ఒక్క అద్దం లేక షెడ్డెక్కుతుంది. తుక్కు చేసేవాళ్లతో నా గొడవ ఇదొక్కటే, చెయ్యండి, కానీ ఒక ఆరు నెలలు బయట పెట్టి మాలాంటోళ్లకి అమ్మండి.

ఇంకోటి. వింటేజ్ కింద రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లకి ఒక మాట. 2021 రూల్ ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటాలి. నంబరులో వీఏ అని వస్తుంది, ఫీజు 20,000, పైగా రోజూ నడపకూడదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప. నా కాంటెసాకి ఆ యోగం 2040లో, మన జెన్‌కి 2051లో. జర్మనీలో 30 ఏళ్లకే హెచ్ అక్షరంతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు, బండి అసలు రూపంలో, మంచి కండిషన్లో ఉంటే. బ్రిటన్‌లో 40 దాటితే రోడ్ ట్యాక్సే లేదు. మనకి 20 నుంచి 50 దాకా ముప్పై ఏళ్లు బండి అటు పాతదీ కాదు, ఇటు వింటేజూ కాదు, ఫీజు కట్టే ముసలిది.

టూవీలర్ గారూ, గొట్టం పెట్టకుండా కాగితం ఇచ్చేవాడి మీద నాకూ మీకున్నంత కోపం ఉంది. మనిషి చెయ్యి పడని ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ మా ఇంటి పక్కనే పెట్టండి, మొదట నా బండే తెస్తాను. నెగ్గితే నడుపుతాను, లేకపోతే బాగుచేయిస్తాను.

జెన్ బాబు, సికింద్రాబాద్

ఆలస్యంగా రాస్తున్నాను, కారణం ఉంది.

టూవీలర్ అన్నా, నువ్వు అడిగిన ప్రశ్న మూడ్రోజులు గుచ్చుకుంది. నిన్న బండి ర్యాంపు ఎక్కించి చూపించాను. మెకానిక్ కన్వర్టర్ డబ్బాని రెంచితో కొట్టగానే డొల్లగా మోగింది. లోపల తేనెపట్టులా ఉండాల్సింది ఏమీ లేదు, ఎప్పుడో ఎవరో పొడిచి ఖాళీ చేసేశారు. నాన్నని అడిగితే చాలా తాపీగా "అవును, 2012లోనో ఎప్పుడో బండి లాగట్లేదంటే తీసేశాడు, అప్పట్నుంచి బాగా లాగుతోంది కదా" అన్నాడు. అంటే పదమూడు పద్నాలుగేళ్లుగా నేను శుభ్రమైన బండి అనుకుంటూ నడిపింది ఇదీ. ఇన్నేళ్లూ పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ప్రతిసారీ వచ్చింది. నువ్వన్న నల్ల పొగ వ్యానుకి నేనేం తీసిపోలేదు.

కంపెనీది దొరకట్లేదు, బయటి కన్వర్టర్ వేయించడానికి తొమ్మిది వేలు అన్నాడు. వేయమన్నాను. ఫీజు పదివేలు కూడా కట్టేశాను. నాన్న లెక్కలు వేసి "పదహారు వేలు వచ్చేదానికి పందొమ్మిది వేలు ఎదురు పెట్టావు" అన్నాడు. కానీ ఛాసిస్ ప్రింట్ తీసేటప్పుడు ఆయనే బానెట్ పట్టుకుని నిలబడ్డాడు, నంబరు మీద టేపు అతికించి పెన్సిల్‌తో రుద్దేవాడికి "మెల్లగా, పెయింట్ పోతుంది" అని చెప్పింది కూడా ఆయనే. వచ్చే బుధవారం బండి చూపించాలి.

ఎడమ వైపు టెయిల్ ల్యాంపులో సన్నటి బీట ఉంది, ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటాడని భయంగా ఉంది. కాంటెసా అన్నా, ఆ ఆటోనగర్ షెడ్డులో జెల్లీ బీన్ జెన్‌ది ఏమైనా దొరుకుతుందా? బస్సుకి వేయిస్తే ఇక్కడ దింపుకుంటాను.

బెజవాడ కాంటెసా

ఉంది. కుడి వైపుది కూడా ఉంది, రెండూ తీసుకో, మళ్లీ దొరకవు.