మా అబ్బాయిది ఏడీహెచ్‌డీనా, బైపోలారా? ఎలా తేల్చుకోవాలి?

ఖమ్మం అమ్మ:
మా బాబుకి 21, హైదరాబాద్‌లో బీటెక్ చివరి సంవత్సరం. చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువే, పెన్సిల్ బాక్సులు పారేసుకోవడం, పరీక్షలో పేపర్ వెనక పేజీ చూడకుండా వచ్చేయడం మామూలే. కానీ సంక్రాంతి తర్వాత వారం పైనే వేరే మనిషైపోయాడు. రాత్రి రెండు మూడు గంటలు పడుకుని తెల్లారకముందే హుషారుగా లేచేవాడు, ఒక మాట పూర్తవకుండా ఇంకోటి, స్టార్టప్ పెడతానని లోన్ యాప్‌లలో అప్పు చేశాడు. ఆ తర్వాత నెలంతా గదిలోంచి బయటికి రాలేదు. ఒక డాక్టర్ ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) అని మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారు, ఇంకొకరేమో బైపోలార్ (మూడ్ విడతలుగా బాగా ఎగసి, బాగా కుంగే జబ్బు) కావచ్చు, అది ఇప్పుడే వేయొద్దన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

సైకియాట్రీ పీజీ:
అమ్మా, మనిషిని చూడకుండా ఫలానా అని చెప్పలేను, కానీ నిద్ర సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఏడీహెచ్‌డీలోనూ నిద్ర ఆలస్యంగా పడుతుంది కానీ మర్నాడు నీరసంగా ఉంటారు. మేనియాలో, అంటే బైపోలార్‌లో మూడ్ ఎగసినప్పుడు, నిద్ర అవసరమే తగ్గిపోతుంది, మూడు గంటలు పడుకున్నా అలుపుండదు. ఇంకోటి, ఏడీహెచ్‌డీ వచ్చిపోయేది కాదు, 12 ఏళ్లలోపే కనబడి అలాగే సాగుతుంది. మేనియా విడతగా వస్తుంది, మనిషి మామూలు తీరుకి భిన్నంగా కనీసం వారం ఉంటుంది, తక్కువ తీవ్రతలో అయితే నాలుగు రోజులు. రెండూ కలిసి ఉండే వాళ్లూ ఉన్నారు, అప్పుడు ముందు మూడ్‌ని నిలకడకి తెచ్చి తర్వాత ఏడీహెచ్‌డీ మందు చూస్తారు, ఎందుకంటే మూడ్ మందు లేకుండా మిథైల్‌ఫెనిడేట్ లాంటి స్టిమ్యులెంట్ ఇస్తే మేనియా ఎగసే ప్రమాదం ఉంది. మాత్ర ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఈ రోజే రెండో డాక్టర్‌కి ఫోన్ చేయండి.

తమ్ముడికి అక్క, విజయవాడ:
అక్కా, బడి నాటి ప్రోగ్రెస్ రిపోర్టులు ఉంటే పట్టుకెళ్లండి, "క్లాసులో ధ్యాస ఉండదు" అని టీచర్లు రాసిన మాటలు డాక్టర్లకి బాగా పనికొస్తాయి. ఏ నెలలో ఎంత నిద్రపోయాడు, ఎంత ఖర్చు పెట్టాడు, కాలేజీకి వెళ్లాడా లేదా అని ఒక కాగితం మీద రాయండి. మా తమ్ముడి విషయంలో డాక్టర్ ఆ కాగితాన్నే ఎక్కువసేపు చూశారు. బంధువుల్లో ఎవరికైనా ఇలా వచ్చి "గాలి సోకింది" అని సరిపెట్టి ఉంటే అదీ దాచకండి. మా తమ్ముడికి బైపోలార్ అని తేలింది, మూడ్ నిలకడకి లిథియం వాడుతున్నాడు, మధ్యమధ్యలో రక్తంలో ఆ మందు మోతాదు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయిస్తాం. ఉద్యోగం చేసుకుంటున్నాడు.

ఏడీహెచ్‌డీ కుర్రాడు:
ఆంటీ, నాకూ కొత్త పని దొరికితే పూనకమొస్తుంది, కానీ సాయంత్రానికే దిగిపోతుంది, వారాల తరబడి ఉండదు. తనని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడండి, వెనకాల గుసగుసలు పెడితే డాక్టర్ దగ్గరికి రాడు. అర్ధరాత్రి ఇబ్బందైతే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చనిపోతానన్న మాట వస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికే తీసుకెళ్లండి.

ఖమ్మం అమ్మ:
మాత్ర ఇంకా మొదలుపెట్టలేదు, రెండో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. నిద్ర ఎంతో వాడికే గుర్తులేదంటున్నాడు, ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూసి రాయొచ్చా?

సైకియాట్రీ పీజీ:
రాయొచ్చమ్మా, కొంత అంచనా వస్తుంది. తనకి చెప్పి, తనతోనే కూర్చుని రాయండి.