మా ఫుట్‌బాల్ క్లబ్బులో కంపెనీకి ఎంత అధికారం ఇవ్వాలి? సలహా చెప్పండి

మాది విశాఖపట్నం, మల్కాపురం వైపు. కొందరం కలిసి పిల్లల కోసం చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు నడుపుతున్నాము. సొసైటీగా నమోదైంది. బంతుల నుంచి రైలు ఛార్జీల దాకా అన్నీ చందాల మీదే. ఇప్పుడొక కంపెనీ ఖర్చంతా భరిస్తానంటోంది. బదులుగా క్లబ్బుకు తన పేరు, జెర్సీకి తన రంగు, కార్యవర్గంలో సగానికి మించి స్థానాలు అడుగుతోంది.

డబ్బు చేదని అనను. కానీ 2005లో పానీయాల కంపెనీ రెడ్ బుల్ చేతికి వెళ్లాక ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ క్లబ్బుకు ఊదా, తెలుపు రంగులే పోయాయి. అభిమానులు వేరుపడి, పాత పేరుతో అట్టడుగు డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. 1889 నాటి కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్ పేరుకు 2020లో తగిలించిన ‘ఏటీకే’ (వాటా కొన్న కంపెనీ పాత జట్టు పేరు) 2023లో గానీ వదలలేదు. నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం మహీంద్రా కంపెనీ నడిపిన ముంబై జట్టు మహీంద్రా యునైటెడ్: 2010లో కంపెనీ వద్దనుకుంది, జట్టే మూతపడింది.

పిల్లల తల్లిదండ్రులు ‘పేరుదేముంది, బూట్లు ఇస్తారు కదా’ అంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

జర్మనీలో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలనే ‘50+1’ నియమం ఉంది (బేయర్ కంపెనీ చేతిలోని లెవర్‌కూసెన్ క్లబ్బు వంటి మినహాయింపులూ ఉన్నాయనుకోండి). అలాంటిది మా సొసైటీ నియమావళిలో రాసుకోవచ్చా? ఎవరైనా రాసుకున్నారా? కంపెనీ మధ్యలో తప్పుకుంటే ఇబ్బంది లేకుండా, ఒక సీజన్ ఖర్చు ముందే బ్యాంకులో వేయమనడం మరీ అత్యాశా? వచ్చే ఆదివారం వాళ్లతో కూర్చుంటున్నాము, ఆలోగా చెబితే మేలు.