ఫ్రేజల్ వెర్బ్స్ చదివితే అర్థమవుతున్నాయి, వింటే కలగాపులగం అవుతున్నాయి
6 వారాలుగా రోజుకు 10 చొప్పున ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకు ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేవి) తెలుగు అర్థాలతో నోట్‌బుక్‌లో రాసుకుని బస్సులో చదువుకుంటున్నాను. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో కార్డులూ చేశాను. చూసి చదివితే పదికి ఎనిమిది చెప్పగలను. వినేటప్పుడే తంటా.

మొన్న మేనేజర్ మీటింగ్ 'కాల్ ఆఫ్' చేశామంటే వాయిదా అనుకుని, కొత్త టైమ్ చెబుతారేమోనని సాయంత్రం దాకా కూర్చున్నాను. వాయిదాకి 'పుట్ ఆఫ్' అట, 'కాల్ ఆఫ్' అంటే రద్దట. పైగా 'టేక్ ఆఫ్' అంటే విమానం లేవడం, చెప్పులు విప్పడం రెండూనూ! ఆఫ్, అప్, అవుట్ అని గుంపులుగా విడదీసి చదివితే ఇంకా గందరగోళమైంది.

సబ్‌టైటిల్స్‌తో సినిమాలు చూడమనకండి, అదీ నెల రోజులు చేశా; కళ్లు చదువుతున్నాయి, చెవులు నిద్రపోతున్నాయి.

'ఆఫ్'తో వచ్చేవాటి తేడా వినగానే తట్టేలా మీరు ఎలా ప్రాక్టీస్ చేశారు?