ఇరవై ఏళ్లుగా పెట్టెలోనే ఉన్న బ్లాక్‌ఫుట్ రిమోట్ కంట్రోల్ బండి: ముందు ఏది విప్పాలి?

పాతచక్రం: 1986 నాటి టామియా కంపెనీ బ్లాక్‌ఫుట్. బ్యాటరీ లోపలే ఉండిపోయింది, కనెక్టర్ మీద తెల్లటి పొడి. చక్రం చేత్తో తిప్పితే బిగుతుగా ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి చూడొచ్చా?

వోల్టుమీటర్: వద్దండి, ఇప్పుడే వద్దు. ఆ పొడి నికెల్ కాడ్మియం సెల్ నుంచి కారిన క్షారం. గ్లవ్స్ వేసుకుని, వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. వైరు కోసి చూస్తే లోపల రాగి నల్లబడి ఉంటుంది, దానికి సోల్డర్ అంటదు. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోవాలి. పాత ప్యాక్‌ని మళ్లీ ఛార్జ్ చేసే ప్రయత్నం చేయకండి. కాడ్మియం విషం కాబట్టి చెత్తలోనూ వేయకూడదు, బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చేయాలి.

గ్రీజుచేతులు: బిగుతుకి కారణం గేర్‌బాక్స్‌లో మైనంలా గట్టిపడ్డ గ్రీజు అయ్యుంటుంది. స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. గేర్లని డిష్‌వాష్ సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అసిటోన్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి, బాడీ మీద చుక్క పడినా ప్లాస్టిక్ కరుగుతుంది. కొత్త గ్రీజు పళ్ల మీద పల్చగా చాలు. ఇరుసులు తిరిగే ప్లాస్టిక్ బుష్‌ల స్థానంలో బేరింగ్‌లు వేసేయండి. ఎక్కువచోట్ల 11×5×4 మి.మీ. పడతాయి, అయినా కొలిచాకే కొనండి.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూని మొదట వెనక్కి తిప్పండి. 'టిక్' మని చిన్నగా కిందికి దిగుతుంది చూడండి, అదే పాత మర. అక్కణ్ణుంచి ముందుకి. నేరుగా బిగిస్తే కొత్త మర పడుతుంది, రెండు మూడుసార్లకే రంధ్రం వదులైపోతుంది.

రాగిపలక: అసలు ప్రమాదం స్పీడ్ కంట్రోలర్‌తో. సెర్వో (రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటార్) తిప్పే చేయి రాగి పలకల మీద రాసుకుంటూ పోయే రకం కదా, ఆ పలకల మీద నల్లమచ్చలుంటే అక్కడే నిప్పురవ్వలు లేస్తాయి. 1500 నంబర్ ఎమరీతో నునుపు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేయి పలకని గట్టిగా నొక్కుతోందో లేదో కూడా చూడాలి, స్ప్రింగ్ చచ్చిపోతే ఎంత తుడిచినా మళ్లీ కాలుతుంది. తక్కువ స్పీడ్‌లో ఎక్కువసేపు నడిపితే, స్పీడ్ తగ్గించే రెసిస్టర్ కాలిపోయేంత వేడెక్కుతుంది, దానికి వైర్లు తగలకూడదు.

ఇంకోటి: బండిలో రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్ బ్యాటరీ అయిపోతే సెర్వో ఉన్నచోటే ఆగుతుంది. అది ఫుల్ స్పీడ్ దగ్గర ఆగితే బండి గోడని గుద్దేదాకా పోతుంది. ఆన్ చేసేప్పుడు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ముందు, ఆఫ్ చేసేప్పుడు అది చివర.

పాతచక్రం: అయితే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ వేసేయనా?

వోల్టుమీటర్: నడపడానికైతే వేసేయండి, అల్మారాలో అలంకారానికైతే పాతదే అందం. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడాలంటే మాత్రం ఎలక్ట్రానిక్ తప్పదు, సెల్‌కి 3.2 వోల్టుల దగ్గర ఆపే కటాఫ్ పాతదానిలో లేదు. పాతదానికి ఆరు సెల్‌ల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ సరిపోతుంది. పాత సెర్వోని కొత్త రిసీవర్‌కి గుచ్చేముందు పాజిటివ్ వైరు మధ్య పిన్‌లోనే ఉందా చూడండి, కొన్నిటిలో వరుస వేరు.

రాగిపలక: @వోల్టుమీటర్ గారు, అల్మారా బండికైనా పలకలు తుడవాల్సిందే. ఎవరో ఒకరు "ఒక్కసారి నడుపుదాం" అంటారు.

గ్రీజుచేతులు: టైర్ల సంగతి: పక్కగోడ వేళ్లతో నొక్కితే పగుళ్లు విచ్చుకుంటే ఏ నూనె రాసినా లాభం లేదు. ఈ మోడల్ 2016లో మళ్లీ వచ్చింది, ఆ టైర్లు తీసుకోండి.