పావు స్కేలు కబ్‌కు పెట్రోలా, బ్యాటరీనా?

బాల్సాబాబు: పైపర్ జె-3 కబ్ విమానానికి రేడియోతో ఎగరేసే నమూనా, అసలుదానిలో నాలుగో వంతు సైజు కిట్. రెక్కల పొడవు 106 అంగుళాలు. చెక్కపని అయింది, కవరింగ్ మిగిలింది. ఫైర్‌వాల్‌కు (ముక్కు దగ్గర ఇంజన్ బిగించే చెక్కకు) బెజ్జాలు వేసేలోపు తేల్చుకోవాలి: 30 సీసీ పెట్రోల్ ఇంజనా, బ్యాటరీ మోటరా? ఎగరేసేది హైదరాబాద్ శివార్లలో.

పెట్రోల్‌పెద్దన్న: ఇందులో అడగడానికేముంది తమ్ముడూ? డీఎల్‌ఈ-30 పెట్రోల్ ఇంజన్ పెట్టు. మొదట్లో 30 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ కలుపు. సిలికాన్ ట్యూబు వద్దు, పెట్రోలుకు ఉబ్బుతుంది, పెట్రోలుకు తట్టుకునే టైగాన్ ట్యూబు కొను. కబ్‌కు ముక్కు పొట్టి. ముందువైపు బరువు చాలకపోతే సీసం కట్టాలి. ఈ ఇంజన్ ఒక్కటే 900 గ్రాములు.

మౌనవిహారి: బరువే కావాలంటే బ్యాటరీకేం తక్కువ? 6ఎస్ 5000 (ఆరు సెల్లులు, 5000 ఎంఏహెచ్) ప్యాకులు రెండు కలిపితే సుమారు కిలోన్నర. ముందుకో వెనక్కో జరిపి సీజీ (విమానం బరువు తూగే చోటు) కుదుర్చుకోవచ్చు. ఇంజన్‌ను జరుపుతారా?

పెట్రోల్‌పెద్దన్న: ఇంజన్‌లో నిప్పురవ్వకు కరెంటిచ్చే ఇగ్నిషన్ బ్యాటరీ జరుపుతాం. రేడియో రిసీవర్‌కు దూరంగా పెడితే చాలు.

మౌనవిహారి: అది ఎంత బరువుంటుందని? అన్నా, నేనడిగింది ఇంజన్ గురించి.

గాలివాటం: ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టండి. నిజం కబ్ విమానంలో ఉన్నదీ అదేగా.

మౌనవిహారి: ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు. కార్బురేటర్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) గట్టిపడి నా పాత విమానం గాల్లోనే ఆగి మక్కచేనులో పడింది.

పెట్రోల్‌పెద్దన్న: ఎగరేశాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ ఆరేదాకా ఇంజన్ తిప్పాలి. నీ బద్ధకానికి పెట్రోలును తిడితే ఎలా? పది నిమిషాలు ఎగరేసి గంట చార్జింగ్ పెట్టుకునేవాళ్లా మాకు చెప్పేది!

డల్లాస్‌గద్ద: ఇక్కడ మా క్లబ్బులో డెసిబెల్ మీటరు పెట్టి, శబ్దం ఎక్కువైతే దింపేస్తారు.

పెట్రోల్‌పెద్దన్న: అదిగో, అసలు సంగతి! మనం విమానాలు ఎగరేసే ఆ బీడు రైతుకు "పెట్రోల్ వాళ్లను రానివ్వం, మేం మాత్రం వస్తాం" అని చెప్పిందెవరు? పదేళ్లుగా అక్కడ ఎగరేసినవాణ్ణి నేను.

మౌనవిహారి: నేనే చెప్పాను. బర్రెలు బెదిరి పాలు ఇవ్వట్లేదని ఆయన మూడుసార్లు చెప్పినా మీరు పట్టించుకున్నారా? నేను మాట్లాడకపోతే అందరికీ ఆ చోటు పోయేది.

పెట్రోల్‌పెద్దన్న: నన్నో మాట అడగాల్సింది.

మౌనవిహారి: అడిగాను. "బర్రెలకు అలవాటవుతుందిలే" అన్నారు.

బాల్సాబాబు: అన్నా, ఏ బీడు? నేను చేరబోయేదీ అక్కడే!

గాలివాటం: బెజ్జాలు వేయకు.

డల్లాస్‌గద్ద: శబ్దంలో చాలా భాగం ప్రొపెల్లర్‌దే. 18×10 (18 అంగుళాల పొడవు, 10 అంగుళాల పిచ్) బదులు 20×8 వేసి ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) తగ్గించండి, మంచి మఫ్లర్ పెట్టండి. కబ్‌కు వేగమెందుకు?

పెట్రోల్‌పెద్దన్న: ఆ మాట ఒప్పుకుంటా. ఆదివారం ఇంజన్‌ను స్టాండు మీద పెట్టి తెస్తా. రైతే విని చెప్పనీ.

మౌనవిహారి: తెండి. పాలు పిండే వేళకు మాత్రం రాకండి.